ఘాట్ రోడ్డులో 80 కోట్ల ఏళ్లు

ఎడిన్‌బరో

నాయనకు,

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాళ్ల నొప్పి సంగతి ఫోన్లో అడిగితే బాగానే ఉందంటుంది. అసలు విషయం నువ్వు రాయి.

పోయిన ఆదివారం సిక్కార్ పాయింట్ చూసొచ్చాం. ఇక్కడికి తూర్పున సుమారు 60 కిలోమీటర్లు, సముద్రం ఒడ్డు. గుడి లేదు, కోట లేదు, ఉన్నవి రాళ్లే. అయినా ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. కింద రాతిపొరలు అల్మారాలో పుస్తకాల్లా నిట్టనిలువుగా ఉంటాయి. వాటి నెత్తిన ఎర్ర ఇసుకరాయి వాలుగా పరుచుకుని ఉంటుంది.

1788లో జేమ్స్ హటన్ ఇద్దరు స్నేహితులతో పడవలో వచ్చి దీన్ని చూశాడు. చదివింది వైద్యం, చేసింది సేద్యం, పిచ్చి మాత్రం రాళ్ల మీద. అప్పట్లో ఇక్కడ చాలామంది లెక్కలో భూమి వయసు 6,000 ఏళ్లు. సముద్రం అడుగున బురద పేరుకోవాలి, రాయిగా గట్టిపడాలి, నిలువుగా లేవాలి, అరిగిపోవాలి, దాని మీద మళ్లీ ఇసుక చేరి రాయి కావాలి. 6,000 ఏళ్లు ఏ మూలకు? వెంట వచ్చిన ప్లేఫెయిర్, అంత వెనకటి కాలంలోకి తొంగిచూస్తే తల తిరిగినట్టయిందని తర్వాత రాశాడు. ఆ రెండు రాళ్ల మధ్య తేడా దాదాపు 6.5 కోట్ల ఏళ్లని ఇప్పటి అంచనా.

నాకు అక్కడ నిలబడినంతసేపూ నువ్వే గుర్తొచ్చావు నాయనా. నువ్వు అన్నేళ్లు బస్సు తోలిన తిరుమల ఘాట్ రోడ్డులో ఇలాంటి అతుకే ఉంది. జియలాజికల్ సర్వే వాళ్లు జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించారు. ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. కింద గ్రానైట్, దాని మీద ఇసుక పేరుకుని గట్టిపడిన రాయి. రెండింటి నడుమ తేడా 80 కోట్ల ఏళ్లట! సిక్కార్ పాయింట్ దాని ముందు పసిబిడ్డ. పైనున్న ఆ ఇసుక పేరుకునేనాటికి భూమ్మీద చెట్టు లేదు, చేప లేదు, కంటికి కనబడని సూక్ష్మజీవులే. మనం ఫొటోలు దిగే శిలాతోరణం కూడా అలాంటి పాత ఇసుకరాయే, గాలీ నీరూ తొలిచి తోరణం చేశాయి.

మన సంకల్పంలో కల్పం, మన్వంతరం అని కోట్ల ఏళ్లు చెప్పుకుంటాం కాబట్టి మనకు అప్పుడే అంతా తెలుసని పెద్దమామ వాదిస్తాడు. నేనొప్పుకోను. పెద్ద అంకెలకు మనం భయపడలేదు, అంతవరకే. రాయిని చూసి లెక్క తేల్చడం వేరే పని.

ఈసారి తమ్ముడి పిల్లల్ని కొండకు తీసుకెళ్లేటప్పుడు ఆ చోటు చూపించు. దారిలో ఎక్కడపడితే అక్కడ బండి ఆపనివ్వరు కదా, వాళ్లను కిటికీ పక్కన కూర్చోబెట్టు. స్టీరింగ్ మాత్రం తమ్ముడికివ్వు. నువ్వు తోలితే నీ చూపు మలుపు మీద తప్ప రాయి మీదకు పోదు.

నీ కూతురు