వార్షిక నివేదిక: కార్చిచ్చు వచ్చేలోపే పనిచోటు వదలాలి

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి వేడుకలు చక్కగా జరిగాయి. జమాఖర్చులు విడిగా జతచేశాం. మిగతా చోటంతా ఒక్క పనికే ఇస్తున్నాను: మెల్‌బోర్న్ శివార్లలో, విక్టోరియా పల్లెల్లో ఉద్యోగాలు చేసే మనవాళ్లకు వేసవి ముందు పెట్టిన కార్చిచ్చు శిక్షణ.

2009 ఫిబ్రవరి 7న మెల్‌బోర్న్‌లో ఎండ 46.4 డిగ్రీలకు చేరింది. ఆనాటి మంటలు విక్టోరియాలో 173 మందిని పొట్టన పెట్టుకున్నాయి. సాయంత్రం గాలి మళ్లేసరికి, అప్పటిదాకా పక్క అంచుగా ఉన్న మంట పొడవంతా ఒక్కసారిగా ముందు వరుసగా మారి దూసుకొచ్చింది. ఆ సంగతి చెప్పినప్పుడు హాలంతా నిశ్శబ్దమైపోయింది.

అలారం మోగితే కిందికి దిగి పార్కింగులో నిలబడటం మనకు అలవాటు. కార్చిచ్చుకు అది పనికిరాదు. పొగలో, సెగలో నిలబడినట్టే. మంట కనబడకముందే ఊరు దాటాలి. అందుకే ఏ హెచ్చరికకు ఎవరు కదలమనాలి, ఏ దారిన వెళ్లాలి, అది మూసేస్తే రెండో దారేది, కారు లేనివాళ్లు ఎవరి బండెక్కాలి అన్నవి ముందే కాగితం మీద ఉండాలి. కార్చిచ్చు ప్రమాద స్థాయిల్లో అన్నిటికంటే పైదైన 'కెటాస్ట్రాఫిక్' ప్రకటించిన రోజున అడవి అంచున ఉన్న పని షెడ్డు అసలు తెరవకూడదని మా గట్టి అభిప్రాయం.

ఒక ప్యాకింగ్ షెడ్డులో రిహార్సల్ చేశాం. జాబితా చూసి పేర్లు పిలిస్తే మనవాళ్లు ముగ్గురు పలకలేదు. పక్కనే ఉన్నారు! పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుండటంతో సూపర్‌వైజర్ ఇంటిపేర్లే పిలిచాడు. నిజం మంటైతే వాళ్లకోసం ఎవరో లోపలికి తిరిగి వెళ్లేవారు. కారు తాళాలేమో లాకర్లో ఉన్నాయి. ఇప్పుడు పిలుపు పేర్లతో కొత్త జాబితా ఉంది, తాళాలు జేబులో ఉంటున్నాయి, కార్లు రోడ్డువైపు తిప్పి నిలుపుతున్నారు.

వృద్ధాశ్రమంలో రాత్రి షిఫ్టు చేసే మన సోదరి ఒకరు ప్లాన్ అడిగితే, 'ఫైరింజన్ వస్తుందిలే' అన్నారట. పెద్ద మంటల రోజున ప్రతి గుమ్మానికీ ఫైరింజన్ రాదు. మంచంపట్టిన వాళ్లను తరలించడానికి గంటలు పడుతుంది. ఆ ఆశ్రమం యాజమాన్యానికి సంఘం తరఫున ఉత్తరం రాశాం, జవాబు కోసం వెంటపడుతున్నాం.

షిఫ్టు పోతుందనో, వీసాకు ఇబ్బందనో ఎవరూ ఆగిపోవద్దు. ప్రాణం మీదికి వచ్చే పని మానుకునే హక్కు మీకుంది. సమాచారానికి విక్టోరియా ప్రభుత్వ అత్యవసర సమాచార లైను విక్‌ఎమర్జెన్సీ 1800 226 226, తెలుగు దుబాసీ కావాలంటే 131 450, ఆపద ముంచుకొస్తే 000. మీ పనిచోటు ప్లాన్ నకలు ఈ నెలలోనే కార్యదర్శికి పంపండి. ప్లాన్ లేకపోతే లేదనే రాయండి, మేమొచ్చి కూర్చుని రాయిస్తాం.