బోర్డు మారితే పుట్టినరోజు మారుతుందా?

సంపాదకులకు,

పది రోజుల కిందట మీరు హైదరాబాద్ ఫైన్ ఆర్ట్స్ వర్సిటీ గురించి అర పేజీ వార్త వేశారు. ఫొటోలు బాగున్నాయి. పక్కన చిన్న బాక్సులో మాత్రం ‘ఆవిర్భావం: 2008’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ రోజే రాద్దామనుకున్నాను. కంటి ఆపరేషన్ అయి ఉంది, డాక్టరు కాగితం ముట్టుకోవద్దన్నాడు. ఇవాళ గంతలు విప్పారు. కోపం మాత్రం అలాగే ఉంది.

2008లో పుట్టింది విశ్వవిద్యాలయం. అందులోని కళాశాల పుట్టింది 1940లో, నిజాం ప్రభుత్వ హయాంలో, సెంట్రల్ స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ అనే పేరుతో. ఆ తర్వాత ప్రభుత్వ ఫైన్ ఆర్ట్స్, ఆర్కిటెక్చర్ కళాశాల అయింది. 1972 అక్టోబరులో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం (జేఎన్‌టీయూ) పెట్టినప్పుడు కాకినాడ, అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీలతో పాటు దీన్నీ అందులో కలిపారు. 2008లో ఆ జేఎన్‌టీయూనే నాలుగు ముక్కలు చేస్తే నాలుగో ముక్క ఇది. మనిషి అదే, ఇంటిపేరు మారుతూ వచ్చింది. మీ లెక్కన అయితే పెళ్లయి ఇంటిపేరు మారిన ప్రతి ఆడపిల్లా పెళ్లిరోజునే పుట్టినట్టు.

నేను అక్కడ చేరింది 1970లో, ప్రభుత్వ కాలేజీ విద్యార్థిగా. బయటికొచ్చింది 1975లో, యూనివర్సిటీ విద్యార్థిగా. మధ్యలో నేను కదిలిందేమీ లేదు, అదే స్టూలు, అదే డ్రాయింగ్ బోర్డు. ఒక రోజు పొద్దున వెళ్లేసరికి మా యజమాని మారాడని చెప్పారు, అంతే.

ఇదంతా ముసలాడి చాదస్తం అనుకోకండి. యజమాని మారినప్పుడల్లా కాగితాలు ఏమవుతాయన్నదే నా బాధ. నిజాం కాలం ఉత్తర్వులు ఏవైనా మిగిలి ఉంటే తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో వెతకాలి. 1972 నుంచి 2008 వరకు పెత్తనం జేఎన్‌టీయూది కాబట్టి కూకట్‌పల్లిలో అడగాలి. ఆ తర్వాతవి వర్సిటీలోనే. ఒక్క కాలేజీ చరిత్ర కోసం మూడు చోట్ల తిరగాలన్నమాట. ఏది ఎక్కడుందో చెప్పే ఒక్క జాబితా అచ్చేస్తే మనలాంటి వాళ్లకు ఆటో ఖర్చులైనా మిగులుతాయి.

ఇంకో చిక్కుంది. అప్పటి సర్కారు వ్యవహారమంతా ఉర్దూలో, తేదీలు ఫసలీలో, అంటే నిజాం సర్కారు వాడిన వేరే సంవత్సరాల లెక్కలో. 1940-41 అంటే 1350 ఫసలీ. ఇప్పటి గుమాస్తా చేతికి 1350 అని రాసిన రిజిస్టరు వస్తే ఏమనుకుంటాడు? ఆరేడు వందల ఏళ్ల నాటిదని మ్యూజియానికి పంపినా అదృష్టమే. నా భయం వేరే, తూకానికి వేస్తాడని.

తూకం మాట ఊరికే అనలేదు. చనిపోయిన మిత్రుడి కుటుంబానికి పాత మార్కుల జాబితా అవసరమై, కొన్నేళ్ల కిందట మరో ఊళ్లోని ఒక పాత కళాశాలకు వెళ్లాను. దాని పేరు రాయను, నాకు సాయం చేసిన అటెండరు ఉద్యోగం ఊడుతుంది. రికార్డు గది అంటే మెట్ల కింద చీకటి కొట్టు. గుమ్మంలోనే విరిగిన ఈజిళ్లు, వాటి పక్కన మేము గీసి నేర్చుకునే రకం ప్లాస్టర్ తలకాయ, దాని మీద ఎవరిదో హెల్మెట్. లోపల ఎర్రగుడ్డలో కట్టిన బస్తాలు. ఒకటి విప్పితే పై రిజిస్టరు అట్ట చేతికొచ్చింది, లోపలి కాగితాలు చెదపుట్ట అయిపోయాయి. కింది రిజిస్టరు బతికే ఉంది. అందులో ఒక కుర్రవాడి పేరు ఎదుట తండ్రి వృత్తి ‘కుమ్మరి’ అని, పక్కన ‘ఫీజు మాఫీ’ అని, ఆ పక్కన వేరే సిరాతో ‘బొమ్మ వేళ్లలో ఉంది’ అని రాసి ఉంది. ఏ మాస్టారు రాశారో! మా మిత్రుడి జాబితా మాత్రం దొరకలేదు. ఆఫీసులో అడిగితే, ‘పాతవి ఎవరికండీ, మొన్న లారీ వచ్చింది’ అన్నారు.

అలాంటి గళ్లు మా కాలేజీ రిజిస్టర్లలో ఎన్ని ఉండాలి? చిత్రకారుడు సుకుమార్ దేవస్కర్ పాఠం చెప్పిన రోజులున్నాయి. కొండపల్లి శేషగిరిరావు గారు అక్కడే చదివి, శాంతినికేతన్ వెళ్లొచ్చి, అక్కడే పంతులయ్యారు. సిద్దిపేట కాపు రాజయ్య గారు, నిజాంపూర్ లక్ష్మాగౌడ్ గారు, బూరుగుపల్లి వైకుంఠం గారు, అందరూ ఆ హాజరు పట్టీలో ‘ప్రెజెంట్ సార్’ అన్నవాళ్లే. వాళ్ల బొమ్మలు లక్షలు పలుకుతున్నాయి. వాళ్లు ఏ రోజు చేరారో, ఎవరు ఇంటర్వ్యూ చేశారో చెప్పే కాగితానికి కిలో ధర.

లక్ష్మాగౌడ్, వైకుంఠం గార్లు తర్వాత బరోడా వెళ్లారు. అక్కడి ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీ 1950లో మొదలైంది, మనకంటే పదేళ్లు చిన్నది. అక్కడి గురువులు కె.జి. సుబ్రమణ్యన్, జ్యోతి భట్, గులాం మహమ్మద్ షేక్, రతన్ పరిమూ దాచుకున్న ఫొటోలు, ఉత్తరాలు, కాగితాలను హాంకాంగ్‌లోని ఆసియా ఆర్ట్ ఆర్కైవ్ వాళ్లు స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టారు. అదీ గురువులు సొంతంగా దాచబట్టి. మన మాస్టార్ల ఇళ్లలో ట్రంకు పెట్టెలు ఎన్ని మిగిలాయో ఎవరైనా వెళ్లి అడిగారా?

సమాచార హక్కు చట్టం వచ్చింది 2005లో. అందులో 4వ సెక్షన్ మొదటి మాటే, ప్రతి ప్రభుత్వ సంస్థా తన రికార్డులకు జాబితా కట్టి, ఇండెక్స్ వేసి ఉంచాలని. దరఖాస్తు పెట్టాకే చూద్దాంలే అనే మన ఆఫీసులు ఆ సెక్షన్ దాకా చదివినట్టు లేదు. కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ కమిటీ వస్తోందంటే గోడలకు సున్నం, ఫైళ్లకు కొత్త అట్టలు, గేటుకు ఫ్లెక్సీ. కమిటీ వెళ్లాక ఫ్లెక్సీ వర్షానికి గొడుగవుతుంది. ఇన్‌ఛార్జి వీసీగా వచ్చి ఆరు నెలలు ఉండేవాడికి ఎనభై ఏళ్ల నాటి బస్తా ఎందుకు పడుతుంది? బడుల్లో డ్రాయింగ్ మాస్టార్ల పోస్టులు ఖాళీ అయితే నింపే నాథుడు లేడు. డ్రాయింగ్‌లో లోయర్, హయ్యర్ పరీక్షలు పాసయి కూర్చున్న పిల్లలు ఫ్లెక్సీ షాపుల్లో నాయకుల మొహాలు నునుపు చేస్తున్నారు. సరే, అది వేరే ఉత్తరం.

రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్ వాళ్లు 2020లో కడపలో తమ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ పెట్టుకున్నారు. మంచిదే. అంతకుముందు హైదరాబాద్ వచ్చి చదివిన కోస్తా, సీమ పిల్లల రికార్డులూ ఈ బస్తాల్లోనే ఉంటాయి కాబట్టి, ఇది రెండు రాష్ట్రాల పని.

వర్సిటీ వారిని అడిగేది ఒక్కటే. 1940 నుంచి ఏ సంవత్సరాల రిజిస్టర్లు ఉన్నాయి, ఏవి లేవు, పత్రికాముఖంగా చెప్పండి. లేవంటే లేవనే చెప్పండి, ఏడ్చి ఊరుకుంటాం. ఉర్దూ చదివేవాళ్లు కావాలంటే హైదరాబాద్‌లో కరువా?

మీరు కూడా సవరణ వేయండి, ఫొటో అంత పెద్దగా కాకపోయినా బాక్సు అంతైనా. నా 1970 ఫీజు రసీదు పాత పేరుతోనే, ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంది. జిరాక్స్ కావాలంటే మీ విలేకరిని పంపండి. అసలు మాత్రం ఇవ్వను.

– ఒక విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు, కరీంనగర్