‘యథార్థ గాథ’లో యథార్థం ఎంత?

సంపాదకుడు గారికి, నమస్కారం.

క్రీడాకారుల బయోపిక్‌ల మీద మీ సినిమా పేజీలో వచ్చే సమీక్షలు వదలకుండా చదువుతాను. దాదాపు ప్రతిదాంట్లో ‘యథార్థ గాథ’ అన్న మాట ఉంటుంది. అందులో జరిగిందెంత, అల్లిందెంత అన్నది మాత్రం ఉండదు. ఈ ఉత్తరం దాని గురించే.

నేను హైస్కూల్లో పీఈటీగా చేసి రిటైరయ్యాను. పిల్లల చేత సాఫ్ట్‌బాల్ ఆడించినవాణ్ణి కాబట్టి బేస్‌బాల్ నాకు మరీ కొత్త కాదు. ఈమధ్య డాలస్‌లో మా అబ్బాయి దగ్గర ఉన్నన్నాళ్లూ మనవడితో కలిసి ఆ ఆట మీద తీసిన సినిమాలు వరసపెట్టి చూశాను.

ముందు ‘మనీబాల్’ (2011). డబ్బుల్లేని ఓక్లండ్ జట్టు ఆటగాళ్ల గణాంకాల లెక్కల్ని నమ్ముకుని, ఎవరికీ అక్కర్లేని ఆటగాళ్లతో 2002లో వరసగా 20 మ్యాచ్‌లు గెలిచిన కథ. ఇరవయ్యో మ్యాచ్‌లో 11-0తో ముందున్నవాళ్లు 11-11 దాకా తెచ్చుకుని, హ్యాటెబర్గ్ అనే ఆటగాడి హోమ్‌రన్‌తో (కొట్టిన బంతి కంచె దాటితే బేస్‌లన్నీ తీరిగ్గా చుట్టి రావొచ్చు) గట్టెక్కడం అచ్చంగా జరిగిందే. కానీ ఆ ఏడాది ఆ జట్టు 103 మ్యాచ్‌లు గెలిచిందంటే హడ్సన్, మల్డర్, జీటో అనే ముగ్గురు పిచర్ల (బంతి విసిరేవాళ్ల) చలవ చాలా ఉంది. జీటోకి ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు వచ్చింది ఆ ఏడే. రెండో, మూడో బేస్‌ల మధ్య కాపు కాసే తెహాదా, అక్కడి రెండు పెద్ద లీగుల్లో ఒకటైన అమెరికన్ లీగ్‌లో ఆ ఏటి అత్యంత విలువైన ఆటగాడు (ఎంవీపీ). సినిమాలో వీళ్లది కూరలో కరివేపాకు పాత్ర. అంతా అయ్యాక మావాడు “తాతా, అయితే కంప్యూటర్ ఒక్కటుంటే గెలిచేయొచ్చా?” అన్నాడు. వాడి తప్పేముంది?

తమాషా ఏమిటంటే నాకు బాగా నచ్చిన సీనూ ఇందులోనే ఉంది. ఓ భారీకాయుడు. మొదటి బేస్ (పరుగెత్తుతూ వరసగా తాకాల్సిన మెత్తల్లో మొదటిది) దాటాలంటేనే జంకు. ఆ రోజు బంతిని కొట్టి, ధైర్యం చేసి రెండో బేస్ వైపు తిరగబోయి బోర్లా పడతాడు. పడినవాడు పాక్కుంటూ వెనక్కొచ్చి బేస్‌ని వాటేసుకుంటాడు. అందరూ నవ్వుతుంటారు. తను కొట్టిన బంతి ఎప్పుడో కంచె దాటేసిందని వాడికి తెలీదు మరి!

‘ఎ లీగ్ ఆఫ్ దెయిర్ ఓన్’ (1992) 1943లో మొదలైన ఆడవాళ్ల లీగ్ మీద తీసింది. ముఖ్య పాత్రలు కల్పితాలే. ఏడుస్తున్న అమ్మాయి మీద కోచ్ అరిచే సీన్ అందరూ చెప్పుకుంటారు. నా కళ్లలో నిలిచిపోయింది వేరొకటి. పక్కకి దొర్లిన బంతిని మైదానం అంచున ఉన్న ఓ నల్లజాతి మహిళ తీస్తుంది. ఇవ్వమని హీరోయిన్ చూస్తుంటే, ఆమెని దాటించి ఇంకా వెనకున్న అమ్మాయికి విసురుతుంది. పట్టుకున్న అమ్మాయికి చెయ్యి చురుక్కుమంటుంది. ఆ మహిళ ఓసారి తలూపి వెళ్లిపోతుంది. ఒక్క మాట లేదు. 1954లో మూతపడేదాకా ఆ లీగ్ నల్లజాతి క్రీడాకారిణిని ఒక్కరినీ తీసుకోలేదు. ఆ సంగతి చెప్పడానికి కల్పిత సీనుకి పట్టింది కొన్ని సెకన్లు.

‘ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్’ (1989)లో షూలెస్ జో అనే అలనాటి ఆటగాడు కుడిచేతి వాటంతో బ్యాటింగ్ చేస్తాడు. అసలు మనిషి బ్యాటింగ్ చేసింది ఎడమచేతి వాటంతో. మొక్కజొన్న చేలోంచి దయ్యమై వచ్చినవాడు ఏ చేత్తో ఆడితేనేం, వదిలేశాను.

వదిలేయలేనిది ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ (2014). 2008లో బంతి వేగంగా విసిరే ఓ పోటీలో మొదటి రెండు స్థానాల్లో నిలిచి, పిట్స్‌బర్గ్ పైరేట్స్ అనే అమెరికా జట్టుతో ఒప్పందం కుదుర్చుకున్న మన ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లు రింకూ సింగ్ (క్రికెటర్ రింకూ కాదు), దినేశ్ పటేల్‌ల కథ. ఇద్దరూ అంతకుముందు జావెలిన్ విసిరేవాళ్లు. కథ వీళ్లది, హీరో మాత్రం వీళ్లని తీసుకెళ్లిన ఏజెంటు. ఇద్దరిలో ఎవరూ అక్కడి అత్యున్నత స్థాయి అయిన మేజర్ లీగ్ దాకా చేరలేదు. దినేశ్ ఇంటికొచ్చేశాడు, రింకూ డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీల్లోకి వెళ్లాడు. నన్నడిగితే అసలు సినిమా అక్కడుంది.

మన దగ్గరా బయోపిక్‌లు వరస కడుతున్నాయి. తీసేవాళ్లని కల్పించొద్దనడం లేదు. మీ సమీక్షల కింద మాత్రం జరిగిందేమిటో, మార్చిందేమిటో చెప్పే చిన్న బాక్స్ ఒకటి వేయించండి. నాలుగు లైన్లు చాలు. జాగా చాలకపోతే ఆ స్టార్ రేటింగ్ తీసేసినా మాకేం నష్టం లేదు.

— ఒక రిటైర్డ్ పీఈటీ, ఒంగోలు