తల టాటూ గురించి మా కస్టమర్లకు: దసరా తర్వాత మారేవి ఇవి

విజయనగరంలో మా షాపుకి వచ్చే అందరికీ నమస్కారం. దసరా దాటాక మా దగ్గర తల టాటూ రోజుకి ఒక్కరికే చేస్తాం. ముందుగా స్కిన్ డాక్టర్‌కి తల చూపించుకుని వచ్చినవాళ్లకే చేస్తాం. కొందరికి మాత్రం చేయనని నేరుగా చెప్పేస్తాం. కటింగ్, షేవింగ్, రంగు ఎప్పటిలాగే ఉంటాయి.

తల టాటూ అంటే తెలియనివాళ్ల కోసం ఒక మాట. దీన్ని స్కాల్ప్ మైక్రోపిగ్మెంటేషన్ అంటారు. జుట్టు పోయిన చోట సన్నటి సూదులతో వేల కొద్దీ చిన్న చుక్కలు పెడతాం. గుండు చేయించుకున్న రెండు మూడు రోజులకి తల మీద నల్లటి నీడ కనిపిస్తుంది కదా, ఆ నీడని రంగుతో తెప్పిస్తాం. దీనివల్ల ఒక్క వెంట్రుక కూడా మొలవదు. ఉన్న వెంట్రుక రాలడమూ ఆగదు. ఈ రెండు మాటలూ కుర్చీలో కూర్చోకముందే ప్రతి ఒక్కరికీ చెప్తాను. అయినా ఫోన్లో అర నిమిషం వీడియో చూసి వచ్చినవాళ్లకి ఇవి ఒక పట్టాన చెవికెక్కవు. "అన్నా, వచ్చే వారం పెళ్లిచూపులు, ఈ ఆదివారం వేసేయ్" అంటారు. గజపతినగరం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన మాత్రం అడగాల్సిన ప్రశ్నే అడిగారు: "ఏటి బావూ, ఇది ఎన్నేళ్లుంటాది? పోతే మళ్లీ ఏటి సెయ్యాలి?"

ఆయనకి చెప్పిందే మీకూ చెప్తున్నాను. మామూలుగా మూడు నుంచి ఐదారేళ్లు ఉంటుంది. మెల్లగా వెలుస్తుంది, అప్పుడు మళ్లీ దిద్దించుకోవాలి. ఎండలో పని చేసేవాళ్లకి ఇంకా తొందరగా వెలుస్తుంది. పొలం పని, భవన నిర్మాణం, డెలివరీ బండి మీద తిరిగేవాళ్లు ఆ లెక్క ముందే వేసుకోవాలి. రోజూ టోపీ పెట్టుకోవడమో, ఎస్‌పీఎఫ్ 30 పైనున్న సన్‌స్క్రీన్ తలకి రాసుకోవడమో అలవాటు చేసుకోగలరా లేదా అని నేను ముందే అడుగుతాను.

ఒక్క సిట్టింగ్‌లో ఎందుకు అయిపోదని చాలామంది అడుగుతున్నారు. చర్మం పైపొర నెల తిరిగేసరికి రాలిపోయి కొత్తది వస్తుంది. రంగు ఆ పైపొరలోనే ఆగిపోతే దానితో పాటే పోతుంది. అలాగని లోతుకి దించితే చుక్క లోపల పాకి మసకబడుతుంది, పై నుంచి చూస్తే నీలంగా కనిపిస్తుంది. ఈ రెంటికీ మధ్య, ఒక మిల్లీమీటరుకి అటూ ఇటూ ఉన్న చిన్న సందులో రంగు నిలవాలి. నుదురు దగ్గర చర్మం ఒకలా ఉంటుంది, నడినెత్తిన ఇంకోలా ఉంటుంది. చెయ్యి ఆ తేడా పట్టుకుంటూ పోవాలి. మొదటిసారి లేత రంగుతో, ఎడంగా చుక్కలు పెడతాం. వారం పది రోజుల్లో పైన కట్టిన సన్నటి పక్కులు రాలి రంగు కాస్త తేలిపోతుంది. అప్పుడు గానీ ఆ తల రంగుని ఎంత పట్టుకుందో తెలియదు. అందుకే కనీసం పదీ పదిహేను రోజుల ఎడంతో రెండో సిట్టింగ్, చాలామందికి మూడోది, కొందరికి నాలుగోది కూడా పడుతుంది. పెళ్లి పెట్టుకున్నవాళ్లు రెండు నెలల ముందు రండి. పది రోజుల్లో ముహూర్తం ఉంటే, ఎంత డబ్బు ఇస్తానన్నా చేయను.

మొన్న వేసవిలో ఒక అబ్బాయి వేరే ఊళ్లో చేయించుకుని, బాగు చేయమని మా దగ్గరికి వచ్చాడు. చేతుల మీద బొమ్మలు వేసే రంగునే, అదే లావు సూదితో ఒక్క రోజులో తలంతా నింపేశారట. చుక్కలన్నీ కలిసిపోయి నుదుటి మీద నీలం పట్టీ కట్టినట్టుంది. ఇరవయ్యారేళ్ల కుర్రాడు ఏప్రిల్ ఎండలో ఉన్ని టోపీ పెట్టుకుని తిరుగుతున్నాడు. దాని మీద ఇంకో రంగు వేసి కప్పడం కుదరదు. స్కిన్ డాక్టర్ దగ్గర లేజర్‌తో కొన్ని సిట్టింగుల్లో తగ్గించుకోవాలి. ఆ మాట చెప్తుంటే అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. రోజుకి ఒక్కరికే చేయాలన్న ఆలోచన నాకు ఆ రోజే గట్టిపడింది. మూడు నాలుగు గంటలు వంగి చుక్కలు పెట్టాక నా కళ్లు, చెయ్యి అలసిపోతాయి. ఆ చేతితో ఇంకో మనిషి తల ముట్టుకోకూడదు.

ఇక డాక్టర్ విషయం. జుట్టు రాలడానికి కారణం అందరికీ ఒకటే కాదు. మగవాళ్లలో ఎక్కువగా చూసేది వంశపారంపర్యంగా వచ్చే బట్టతల. డీహెచ్‌టీ అనే హార్మోను ప్రభావంతో కుదుళ్లు ఏటేటా సన్నబడతాయి. దానికి మినాక్సిడిల్, ఫినాస్టరైడ్ లాంటి మందులు ఉన్నాయి. తొలి రోజుల్లోనే మొదలుపెడితే ఉన్న జుట్టు చాలామందికి నిలబడుతుంది. అవి ఎవరికి పడతాయో, ఎవరికి పడవో చెప్పాల్సింది డాక్టరే, నేను కాదు. టైఫాయిడ్, డెంగ్యూ తగ్గిన రెండు మూడు నెలలకి దువ్వెన నిండా ఊడొచ్చే జుట్టు సంగతి వేరు. కాన్పు తర్వాత రాలేది కూడా అంతే. అది చాలామందికి కొన్ని నెలల్లో తిరిగి వస్తుంది. ఒంట్లో రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా జుట్టు పల్చబడుతుంది, రక్తపరీక్ష చేస్తే తెలిసిపోతుంది. పేనుకొరుకుడు మచ్చలు కొన్నిసార్లు వాటంతట అవే పూడిపోతాయి, కొన్నిసార్లు పాకుతాయి. వీటిలో ఏదైనా మందుతో తగ్గేదైతే ముందు ఆ దారిలో వెళ్లండి. నా సూది కోసం తొందరేమీ లేదు.

సొరియాసిస్, బొల్లి ఉన్నవాళ్లకి సూది గుచ్చిన చోటే కొత్త మచ్చలు లేవచ్చు. గాయం మానాక చర్మం గడ్డలా పెరిగే కీలాయిడ్ స్వభావం ఉన్నవాళ్లకి చేయం. షుగర్ అదుపులో లేనివాళ్లు, రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్ సరేనని రాసిస్తేనే రండి. తల మీద పుట్టుమచ్చ ఉంటే దాని మీద చుక్క పెట్టం. రేపు ఆ మచ్చ మారుతుంటే డాక్టర్‌కి కనిపించాలి కదా. రక్తదానం చేసే అలవాటు ఉన్నవాళ్లు టాటూ తర్వాత ఏడాది ఆగాల్సి ఉంటుంది.

మన జిల్లాలో, శ్రీకాకుళంలో ఆర్మీకి తయారయ్యే కుర్రాళ్లు ఎక్కువ. వాళ్లకి ఇది ప్రత్యేకంగా చెప్పాలి. ఆర్మీ భర్తీలో శాశ్వత టాటూని ముంజేయి లోపలి వైపు, అరచేతి వెనక మాత్రమే ఒప్పుకుంటారు. గిరిజనులకి వాళ్ల ఆచారాన్ని బట్టి మినహాయింపు ఉంది. తల మీద వేసేదీ టాటూయే. పొద్దున్నే గ్రౌండ్‌లో పరుగులు తీసి వచ్చే పిల్లలు మా షాపులో కటింగ్ చేయించుకుంటారు. వాళ్లలో ఒక్కరి సెలక్షన్ కూడా నా చేతి పని వల్ల పోకూడదు. భర్తీ కోసం చూస్తున్నవాళ్లెవరికీ చేయను.

పాతికేళ్ల లోపు వాళ్లని కూడా ఆగమంటాను. ఆ వయసులో జుట్టు ఇంకా వెనక్కి పోతూనే ఉంటుంది. ఇవాళ నుదుటి దగ్గర జుట్టు మొదలయ్యే ముందు గీత దిద్దుతాం. ఐదేళ్లకి దాని వెనక జుట్టు ఇంకా పోతే చుక్కల గీత ముందు, ఖాళీ వెనక మిగులుతాయి. నార్వుడ్ అనే డాక్టర్ 1975లో సవరించిన బట్టతల ఏడు దశల పటం మా గోడకి ఉంది. అందులో మీరు ఎక్కడున్నారో, మీ నాన్నగారు, మీ మేనమామ ఎక్కడి దాకా వెళ్లారో చూసి మాట్లాడుకుందాం. ముందు గీత ఎక్కడ గీయాలన్న దగ్గరే ఎక్కువ వాదన వస్తుంది. అందరికీ ఇంటర్ చదివేటప్పటి నుదురే కావాలి. నలభై అయిదేళ్ల మనిషికి స్కేలు పెట్టినట్టు తిన్నగా, కిందికి గీస్తే దూరం నుంచే తెలిసిపోతుంది. కణతల దగ్గర కాస్త లోపలికి పోయి, అంచు అక్కడక్కడా పల్చగా ఉంటేనే చూసేవాళ్లకి అనుమానం రాదు.

మొక్కుల సంగతి వీడియోల్లో ఎవరూ చెప్పరు. మన దగ్గర ఇది చాలా ముఖ్యం. తిరుపతిలోనో, సింహాచలంలోనో తలనీలాలు ఇస్తామని మొక్కుకోని ఇల్లు లేదు. ఇంట్లో పెద్దవాళ్లు పోతే కర్మలప్పుడు గుండు చేయించుకుంటాం. తల టాటూ ఉన్న మనిషి కత్తితో నున్నగా గుండు చేయించుకుంటే పక్కల, వెనక ఉన్న అసలు జుట్టు నీడ తగ్గిపోతుంది. పైన పెట్టిన చుక్కలు మాత్రం అలాగే ఉంటాయి. నడినెత్తి నల్లగా, చుట్టూ తెల్లగా కనిపిస్తుంది. రెండు మూడు రోజుల్లో జుట్టు మొలిచాక సర్దుకుంటుంది, కానీ ఆ రెండు మూడు రోజులూ చుట్టాలందరి మధ్య ఉండాలి. దగ్గర్లో మొక్కు ఉంటే తీర్చుకుని, ఆ తర్వాత రండి. తప్పనిసరి అయితే ఏం జరుగుతుందో తెలిసి చేయించుకోండి. గొరిగేటప్పుడు కత్తి గీరుకుంటే ఆ చోట రంగు పోవచ్చు, ఆ మాట గొరిగే అతనికి కూడా చెప్పండి.

నూనె కూడా అంతే. కొబ్బరినూనె రాస్తే తల మెరుస్తుంది. మెరిసే చోట చుక్క రంగుగానే కనిపిస్తుంది, జుట్టులా కనిపించదు. రోజూ నూనె పెట్టుకోకపోతే తలనొప్పి వస్తుందనే పెద్దవాళ్లకి ఈ పని నప్పదు, అలవాటు మార్చుకోమని నేను బలవంతం చేయను. నెరిసిన జుట్టు ఉన్నవాళ్లకి బూడిద రంగుకి దగ్గరగా కలుపుతాం. కానీ పక్కల జుట్టుకి గోరింటాకు పెడితే ఎర్రబడుతుంది, పైన చుక్కలు బూడిద రంగులోనే ఉంటాయి. పక్కల జుట్టుని మూడు నాలుగు రోజులకోసారి ట్రిమ్మర్‌తో పొట్టిగా ఉంచుకోవాలి. అది మా షాపులోనే చేయించుకోనక్కర్లేదు, ఇంట్లో చేసుకోవడం నేర్పిస్తాను.

ఆడవాళ్లకి పాపిట వెడల్పైన చోట జుట్టు మధ్యలో చుక్కలు పెడతాం. వాళ్లకి జుట్టు పొట్టిగా ఉంచాల్సిన పని లేదు. ఆ పని మా ఆవిడ చూసుకుంటుంది, తనూ శిక్షణ తీసుకుంది.

సూదుల విషయంలో ఎవరికీ మొహమాటం వద్దు. కొత్త సూది ప్యాకెట్ మీ కళ్ల ముందే చింపుతాం, రంగు కూడా మీ ఒక్కరికి సరిపడా కొత్త గిన్నెలో పోస్తాం. వాడిన సూది గుచ్చుకోని గట్టి డబ్బాలో పడుతుంది. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి, సి, ఇంకా హెచ్‌ఐవీ వాడేసిన సూదితో పాకగలవు. ఎక్కడ చేయించుకున్నా, మా దగ్గరైనా సరే, ప్యాకెట్ మీ ముందు చింపకపోతే లేచి వెళ్లిపోండి.

చేయించుకున్నాక మూడు నాలుగు రోజులు తలకి నీళ్లు తగలకూడదు. వారం రోజులు చెమట పట్టే పని వద్దు. నెల దాకా ఎండ సూటిగా పడకుండా చూసుకోవాలి, ఈత వద్దు. మన ఊరి ఉక్కలో ఏప్రిల్ నుంచి రోహిణి కార్తె దాటే దాకా ఇది పాటించడం చాలా కష్టం. అందుకే ఆ నెలల్లో కొత్త తల మొదలుపెట్టం, పాతవి దిద్దడం కూడా చేయం. మాకు పెళ్లిళ్ల సీజన్ గిరాకీ పోతుంది, పోనివ్వండి.

రేటు మారదు. సిట్టింగ్‌కి 8 వేలు, ఏ రోజుకి ఆ రోజు ఇవ్వండి. ప్యాకేజీలు, అడ్వాన్సులు తీసేశాం. మొత్తం ముందే కట్టేసిన మనిషి మొదటి సిట్టింగ్ నచ్చకపోయినా ఆగలేడు. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు అడిగితే తిరిగి ఇచ్చేస్తాం.

మీ తల ఫొటోలు మేం ఎక్కడా పెట్టం. అనుమతి ఇస్తామన్నా పెట్టం. కటింగ్ అయ్యాక వెనక అద్దం పట్టుకుంటే "వద్దులే అన్నా" అనేవాళ్లు మా షాపులో చాలామంది ఉన్నారు. ఇంట్లోవాళ్ల కన్నా ముందు ఆ నడినెత్తి నాకు తెలుసు. దాని మీద ఆఫీసులో, పెళ్లిళ్లలో పడే మాటలు వాళ్లని ఎంత బాధపెడతాయో కూడా తెలుసు. బట్టతల జబ్బు కాదు, దాన్ని దాచుకోవాలనుకోవడం తప్పూ కాదు. ఒక్క సంబంధాల విషయంలో మాత్రం ప్రతి కుర్రాడికీ చెప్తాను, అమ్మాయికి ముందే చెప్పమని. మూడు రోజులకోసారి ట్రిమ్మర్ పట్టుకోవాల్సిన తల పెళ్లయ్యాక ఇంట్లో దాగదు. ఆ అమ్మాయికి అది తెలుసుకునే హక్కు ఉంది.

మంగళవారం షాపు మూసి ఉంటుంది. తల టాటూ గురించి నలుగురిలో అడగడానికి ఇబ్బంది పడేవాళ్లు ఆ రోజు పొద్దున ఫోన్ చేసి సందు వైపు తలుపు నుంచి రండి. మాట్లాడటానికి, తల చూడటానికి డబ్బు తీసుకోను. వచ్చేటప్పుడు డాక్టర్ చీటీ, వాడుతున్న మందుల పేర్లు తెచ్చుకోండి, తలకి నూనె పెట్టుకోకండి. పైడితల్లమ్మ సిరిమానోత్సవం కూడా మంగళవారమే, ఆ రోజు మాత్రం ఉండను. ఆ వారంలో చేయించుకుని జనంలో, చెమటలో తిరగడం మంచిది కాదు కాబట్టి పండగ వెళ్లాక కొత్తవాళ్లకి తేదీలు ఇస్తాను.