డాలర్ల కోసమేనా ప్రాణాలిచ్చింది?

సంపాదకుడు గారికి,

గత వారం మీ పత్రికలో శాంతి పరిరక్షక దళాల మీద వచ్చిన వ్యాసం చదివినప్పటి నుంచి ఒళ్లు మండుతోంది, రాద్దామా వద్దా అనుకుంటూనే ఇన్ని రోజులు గడిచాయి. ఐక్యరాజ్యసమితి ఇచ్చే డాలర్ల కోసమే మన సైన్యం ఆఫ్రికా వెళుతోందని ఎంత తేలిగ్గా రాసేశారండీ!

సరే, ఆ డాలర్ల సంగతే చూద్దాం. ఒక్కో సైనికుడికి నెలకు 1,400 డాలర్లకు పైగా సమితి లెక్కగట్టి ఇచ్చేది ప్రభుత్వానికి, జవాను ఖాతాలో వేసేది కాదు. అదీ టైముకి రాదు. పెద్ద దేశాలు తమ వాటా కట్టకుండా నాన్చుతుంటే మనలాంటి దేశాలు బకాయిల కోసం అడుగుతూ కూర్చోవాలి. భలే లాభసాటి వ్యాపారం!

1961 డిసెంబరులో కాంగోలోని ఎలిజబెత్‌విల్‌లో కెప్టెన్ గుర్‌బచన్ సింగ్ సలారియా గుప్పెడు మంది గూర్ఖాలతో తమకన్నా ఎన్నో రెట్లున్న దళం మీదికి దూకి ప్రాణం వదిలారు, పరమవీర చక్ర ఇచ్చారు. ఆయనా డాలర్ల కోసమే వెళ్లారా? 2013లో దక్షిణ సూడాన్‌లో మాటు వేసి ఐదుగురు మనవాళ్లను కాల్చి చంపారు. సమితి దళాల్లో పనిచేస్తూ ఇప్పటిదాకా 170 మందికి పైగా భారతీయులు చనిపోయారు, ఇంకే దేశమూ ఇంతమందిని పోగొట్టుకోలేదు. ఇవేవీ ఆ వ్యాసంలో లేవు. పైగా 1987లో శ్రీలంక వెళ్లిన దళాన్నీ ఇదే గాటన కట్టేశారు. అది రెండు ప్రభుత్వాల ఒప్పందం మీద వెళ్లింది, సమితికి దాంతో సంబంధమే లేదు. అచ్చు వేసే ముందు ఎవరైనా ఒకసారి చూస్తారా, లేక ఆ అలవాటు పోయిందా?

అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. దళం ఎక్కడికి వెళ్లాలి, ఎప్పుడు తుపాకీ ఎత్తొచ్చు అని న్యూయార్క్‌లో తేల్చేది భద్రతా మండలి, అక్కడ మనకు శాశ్వత సీటు లేదు. వీటో ఉన్నవాళ్లు తీర్మానం రాస్తే బురదలో నిలబడేది మనవాళ్లు. దీని గురించి మన అధికారుల్ని గట్టిగా నిలదీసిన వార్త ఒక్కటైనా వచ్చిందా? మే 29న శాంతి పరిరక్షకుల దినం రాగానే పూలదండ వేసి, ఫొటో దిగి, మళ్లీ ఏడాది దాకా ఆ ఊసే ఎత్తరు. టీవీల వాళ్లకైతే ఆ ఫొటో కూడా అక్కర్లేదు.

దయచేసి సవరణ వేయండి. లోపలెక్కడో టెండరు ప్రకటనల కింద కాదు, ఆ వ్యాసం వేసిన పేజీలోనే.

ఇట్లు,
మీ పాత పాఠకుడు