నాయనగారి సీటీ స్కాన్ గురించి

తిరుపతి

ప్రియమైన సుబ్రహ్మణ్యానికి,

నీ ఉత్తరం అందింది. నాయనగారి ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగాన మచ్చ కనిపించిందనీ, డాక్టరుగారు ఛాతీ సీటీ రాసినా, రేడియేషన్ వల్ల క్యాన్సర్ వస్తుందని ఎవరో చెప్పగా వాయిదా వేస్తూ వస్తున్నావనీ చదివి కలవరపడ్డాను. స్కానింగ్ విభాగంలోనే ఉద్యోగం చేసేవాణ్ణి గనుక వివరంగా రాస్తున్నాను.

నేల నుంచి, ఆకాశం నుంచి, తిండి నుంచి, గాలిలోని రేడాన్ వాయువు నుంచి ప్రపంచంలో సగటున ఒక్కో మనిషికి ఏడాదికి సుమారు 2.4 మిల్లీసీవర్టుల (ఒంటికి అందే రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం) రేడియేషన్ ఎలాగూ అందుతుంది. ఛాతీ ఎక్స్‌రేకు 0.1 లేదా అంతకన్నా తక్కువ. ఛాతీ సీటీకి మామూలుగా 5 నుంచి 7 దాకా. అంటే రెండు మూడేళ్లలో ప్రకృతి ఇచ్చేది ఒక్కసారే అందుతుందన్నమాట. దాన్ని సున్నా అని నేను అనను.

హిరోషిమా, నాగసాకి బాంబుల నుంచి బతికి బయటపడినవారిని దశాబ్దాల తరబడి గమనించగా, 100 మిల్లీసీవర్టులు దాటిన మోతాదుల్లో క్యాన్సర్ పెరగడం స్పష్టంగా తేలింది. అంతకన్నా తక్కువ మోతాదుల్లో ప్రమాదం ఉన్నా, మామూలుగా వచ్చే క్యాన్సర్ల నుంచి దాన్ని విడదీసి చూపడం చాలా కష్టం. అయినా ఎంత చిన్న మోతాదుకైనా దానికి తగ్గ ప్రమాదం ఉంటుందనే లెక్కతోనే నిబంధనలు రాశారు, అది సరైన జాగ్రత్తే. పసిపిల్లల సంగతైతే నేనింత ధీమాగా రాయను. వారి కణాలు వేగంగా విభజన చెందుతాయి, ముందున్న ఆయుష్షూ ఎక్కువ. రేడియేషన్ వల్ల కణితి ఏర్పడాలంటే సాధారణంగా పదేళ్లో అంతకు మించో పడుతుంది కాబట్టి, డెబ్బై దాటిన నాయనగారికి ఆ మచ్చ టీబీయో, కణితో ఇప్పుడే తేలకపోవడమే పెద్ద ముప్పు.

నిజంగా బాధ కలిగించేది అనవసరంగా మళ్లీ తీసే స్కాన్. చిత్తూరులో సీటీ తీయించి, వేలూరుకు వెళ్లేటప్పుడు సీడీ ఇంట్లో వదిలేసి, అక్కడ మళ్లీ అదే స్కాన్ తీయించుకున్నవారు ఎందరో. పాత ఫిల్ములు, సీడీ అన్నీ ఒకే సంచిలో పెట్టి వెంట తీసుకెళ్లు. ఎంఆర్‌ఐలోనూ, అల్ట్రాసౌండ్‌లోనూ ఈ రేడియేషన్ ఉండదు గానీ, ఊపిరితిత్తిలోని సన్నని మచ్చలను సీటీ చూపినంత స్పష్టంగా అవి చూపలేవు.

స్కాన్ పూర్తవగానే కంప్యూటర్ తెర మీద డోసు వివరాల పేజీ ఒకటి వస్తుంది. అందులో డీఎల్‌పీ అని, స్కాన్ మొత్తంలో యంత్రం ఇచ్చిన రేడియేషన్‌ను చూపే అంకె ఉంటుంది. ఛాతీకైతే దాన్ని 0.014తో గుణిస్తే మిల్లీసీవర్టులు సుమారుగా తెలుస్తాయి. 400 ఉంటే 5.6 అన్నమాట. ఆ పేజీ అడిగి తీసుకొని, ఫోటో తీసి నాకు పంపు, నేను చూస్తాను. ఈ వారంలోనే నాయనగారిని తీసుకెళ్లు.

ఇట్లు,
నీ మిత్రుడు
రమణ