పాత పడవ బయటపడితే ఎవరికి చెప్పాలి?

సంపాదకుడికి నమస్కారం.

ఆ మధ్య ఒక ఆదివారం మీ పత్రికలో నెదర్లాండ్స్‌లోని పెస్సె పడవ ఫొటో వేసి, ‘ప్రపంచంలోనే మొట్టమొదటి పడవ’ అని కింద నాలుగు లైన్లు రాశారు. ఆ పక్కనే రెండు తలల దూడ. దాదాపు పదివేల ఏళ్ల కిందట మనుషులు చెక్కిన వస్తువును తీసుకెళ్లి వింతల పేజీలో పెట్టారు. ఎవరైనా అభ్యంతరం చెబుతారని ఇన్ని రోజులూ చూశాను. ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

అది ఇప్పటిదాకా దొరికిన పడవల్లో పాతది, అంతవరకే. మనుషులు ఆస్ట్రేలియా చేరి యాభై వేల ఏళ్లకు తక్కువ కాదంటారు. నీళ్లు దాటకుండా అక్కడికి దారి లేదు. వాళ్లు ఎక్కి వెళ్లింది తెప్పో పడవో, దాంట్లో పుల్ల ముక్క కూడా మిగల్లేదు. గాలి తగలని తడి మట్టిలో కూరుకుపోయిన కలప మాత్రమే ఇన్నేళ్లు నిలుస్తుంది. ఆఫ్రికాలో ఇప్పటికి తెలిసిన అన్నిటికంటే పాత పడవ నైజీరియాలోని దుఫునాది. దాని వయసు సుమారు 8 వేల ఏళ్లు, పొడవు 8.4 మీటర్లు. దాని ఊసే మీరు ఎత్తలేదు. యూరప్‌లో దొరికితేనే చరిత్రా?

నన్ను రాయించిన అసలు సంగతి వేరే ఉంది. ఈ పడవలు ఎలా బయటపడ్డాయో చూడండి. పెస్సె పడవ 1955లో హైవే వేస్తుంటే వచ్చింది. క్రేన్ నడిపే మనిషి చెట్టు మొద్దు అనుకున్నాడు. అక్కడి రైతు ఒకాయన గమనించబట్టి అది గ్రోనింగెన్ విశ్వవిద్యాలయానికి చేరి, ఈరోజు అసెన్ పట్టణంలో డ్రెంట్స్ మ్యూజియంలో ఉంది. దుఫునా పడవ 1987లో పశువుల కాపరి బావి తవ్వుతుంటే ఐదు మీటర్ల లోతున తగిలింది. ఇంగ్లండ్‌లో డోవర్ పడవ 1992లో రోడ్డు పనుల్లో దొరికింది. ఇంగ్లండ్‌లోనే మస్ట్ ఫార్మ్ అనేచోట 2011లో ఇటుకమట్టి క్వారీలో పురావస్తు శాఖవాళ్లలాంటి నిపుణులు తవ్వి చూస్తుంటే ఒంటిమాను దోనెలు తొమ్మిది బయటపడ్డాయి. వీటిలో ఏదీ పడవ కోసమే వెతుక్కుంటూ వెళ్తే దొరికింది కాదు. పారో, క్రేనో తగిలింది, తగిలినచోట ఒక మనిషి ఆగి చూశాడు.

మన దగ్గర ఎవరు ఆగుతారు? గోదావరిలో, కృష్ణలో ఇసుక రాత్రింబవళ్లు లారీలకెక్కుతోంది. మా కొల్లేరులో చేపల చెరువుల కోసం ప్రొక్లెయిన్లు దిగి మడుగుల మట్టి అంతా తిరగేశాయి. ఆ బురదలో పాత దోనె ఉండేదని నేను అనను. ఉన్నా తెలుసుకునే దారి లేదంటున్నాను. నల్లటి మొద్దు వస్తే ఎండబెట్టి పొయ్యిలో పెట్టుకుంటారు. వాళ్లను తప్పుపట్టలేం, వాళ్లకు ఎవరూ చెప్పలేదు. మట్టిలో దాగి ఉండి దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలియజేయాలని 1878 నాటి చట్టం ఉంది. ఇంకా అమల్లోనే ఉంది. ఇలాంటిది దొరికితే ముందు ఎవరికి చెప్పాలని ఒక ఆఫీసులో అడిగితే రెవెన్యూను అడగమన్నారు. రెవెన్యూలో మ్యూజియం వాళ్లను అడగమన్నారు. అక్కడ రాతపూర్వకంగా ఇవ్వమన్నారు, ఇచ్చాను, జవాబు లేదు. ఏ ఆఫీసుకు వెళ్లినా ఇంతే. బోర్డు మీద అధికారి పేరు ఉంటుంది, కుర్చీలో మనిషి ఉండడు.

చెప్పడంలో ఆలస్యమైతే ఏమవుతుందో కూడా మీ పత్రిక రాసి ఉండాల్సింది. వేల ఏళ్లు నానిన కలపలో బలమంతా నీళ్లదే. ఎండ తగిలి ఆ నీళ్లు పోతే లోపలి కణాలు కుంగిపోతాయి, మాను ముడుచుకుని పగుళ్లిస్తుంది. ఇక ఎంత డబ్బు పోసినా వెనక్కి రాదు. అందుకే తీసిన క్షణం నుంచి తడిగా ఉంచుతారు. తర్వాత మైనంలాంటి రసాయనాన్ని నెలలు, ఏళ్ల తరబడి పట్టించి ఆరబెడతారు. డోవర్ పడవను ముక్కలుగా కోసి పైకి తీశారు, జనం దాన్ని మ్యూజియంలో చూసింది 1999లో. మొదటి రోజు కావాల్సింది మాత్రం తడి గోనెసంచులు, ఒక ఫోన్ నంబరు.

ఇంకొకటి. పెస్సెది పడవే కాదు, పశువుల తొట్టి అని కొందరు వాదించారు. 2001లో అలాంటిదే ఒకటి చెక్కి, నీళ్లలో వేసి నడిపి చూశాక పడవగా పనికొస్తుందని తేలింది. మూడు మీటర్లు కూడా లేని, 44 సెంటీమీటర్ల వెడల్పు మాను మీద మనిషి వెళ్లగలడా అని కొల్లేరులో తాటి దోనె నడిపినవాళ్లను అడిగితే అప్పుడే చెప్పేవాళ్లు. డోవర్ పడవ పలకలను మేకులు లేకుండా యూ అనే చెట్టు కొమ్మలతో కుట్టారు. మన కోస్తాలో మసూలా పడవలను కొబ్బరి తాడుతో కుట్టేవారు. ఎక్కడి ఇంగ్లండ్, ఎక్కడి మచిలీపట్నం! పాత పడవ ఏ దేశంలో దొరికినా అందరిదీ అని నేను అనేది అందుకే. అయితే తాటి మాను ఎంచడం, తొలవడం తెలిసినవాళ్లు మా వైపు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. వాళ్ల పనిని కొలతలతో సహా రికార్డు చేయడానికి ఇప్పటివరకు ఎవరూ రాలేదు. ఇంగ్లండ్‌లో బ్రిగ్ ఊళ్లో 1886లో దొరికిన పెద్ద దోనె 1943 బాంబుదాడిలో మ్యూజియంతోపాటు కాలిపోయింది. ముందే కొలతలు, బొమ్మలు తీసి పెట్టుకున్నారు కాబట్టి ఈరోజుకీ దాని గురించి మాట్లాడుకోగలుగుతున్నారు.

ఇసుక రేవుల టెండర్లలో, చెరువుల తవ్వకం అనుమతుల్లో ఒక షరతు చేర్చమనండి. పాత కలప, కుండలు, ఎముకలు కనిపిస్తే అక్కడ పని ఆపాలి, ఫలానా నంబరుకు చెప్పాలి, చెప్పిన కూలీకి ఆ రోజు కూలి నష్టపోకుండా ఇవ్వాలి. ఆ నంబరు రేవు దగ్గర తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాయాలి. ఈ విషయం మీ విలేకరి జిల్లా అధికారులను అడిగి, వాళ్లు ఏమన్నారో మొదటి పేజీలో కాకపోయినా జిల్లా పేజీలోనైనా వేయగలరు.

– ఒక పాఠకుడు, కైకలూరు